హైబ్రిడ్ సీతాఫలం డాబా మీద కాయాలంటే ఏం చేయాలి?

విశాఖలో డాబా తోటలు పెంచేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: "హైబ్రిడ్ సీతాఫలం వేశామండీ, పూత బాగానే వస్తోంది, ఒక్క కాయ నిలవడం లేదు." వెంటనే నర్సరీవాళ్లని తిట్టుకుంటారు, లేదంటే ఇంకో బస్తా ఎరువు గుమ్మరిస్తారు. చాలాసార్లు మొక్కలో లోపమేమీ ఉండదు. దాని పుట్టుక తెలియక, దాని పువ్వు తీరు తెలియక చేజేతులా పంట పోగొట్టుకుంటారు.

మొక్క కొనేముందు

సీతాఫలం హైబ్రిడ్ల వెనక ముఖ్యంగా రెండు చెట్లున్నాయి. ఒకటి మన సీతాఫలమే. వేడిని, ఎండిన నేలని ఓర్చుకుంటుంది, గట్టి చలి తగిలితే దెబ్బతింటుంది. రెండోది చెరిమోయా, దక్షిణ అమెరికా ఆండీస్ కొండ లోయల చెట్టు. దాని గుజ్జు వెన్నలా ఉంటుంది, కొంచెం చలికి తట్టుకుంటుంది, మన కోస్తా ఉక్కలో మాత్రం దాన్నుంచి కాయ ఆశించకండి. 1908లో మయామీలో వెస్టర్ అనే శాస్త్రవేత్త ఈ రెండింటినీ సంకరం చేశాడు. ఆ సంతతినే అటిమోయా అంటారు. ఆఫ్రికన్ ప్రైడ్, జెఫ్నర్, పింక్స్ మామత్, ఐలాండ్ జెమ్ అన్నీ అటిమోయాలే.

ఆర్కా సహన్ ఇంకో మెట్టు ముందుకెళ్లిన రకం. బెంగళూరు హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో తయారైంది. ఐలాండ్ జెమ్ అటిమోయాని మామత్ అనే సీతాఫలంతో కలిపారు. ఈ మామత్ వేరు, పింక్స్ మామత్ వేరు. పేరు కలిసిందని రెండింటినీ ఒకటిగా రాసేవాళ్లున్నారు, నమ్మకండి. అటిమోయాలో సగం చెరిమోయా కాబట్టి ఆర్కా సహన్‌లో దాదాపు పావు వంతే చెరిమోయా, మిగతా ముప్పావు సీతాఫలం. గింజలు తక్కువ, తీపి ఎక్కువ, కోశాక నిదానంగా పండుతుంది. విశాఖ, భీమిలి, గాజువాక డాబాల మీద వేయాల్సింది ఇదే. అరకు, చింతపల్లి వైపు స్థలం ఉన్నవాళ్లయితే సగం చెరిమోయా ఉన్న ఆఫ్రికన్ ప్రైడ్ లాంటిది వేసుకోండి, ఆ చలికి అదే సరి.

బాలానగర్‌ని, ఎన్‌ఎంకే గోల్డ్‌ని కూడా కొందరు హైబ్రిడ్ అని అమ్ముతారు. బాలానగర్ పాలమూరు వైపు సీతాఫలం. ఎన్‌ఎంకే గోల్డ్ మహారాష్ట్ర బార్శీలో ఒక రైతు ఎంపిక చేసి పెంచినది. రెండూ మంచివే, కానీ చెరిమోయాతో వాటికి సంబంధం లేదు. అయినా ఒక బాలానగర్ మొక్క తప్పకుండా కొనండి. ఎందుకో కింద చెబుతాను.

అంటు మొక్కే తీసుకోండి. హైబ్రిడ్ పండు గింజ నాటితే తల్లి గుణం రాదు.

నాటడం

సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము, అడుగున చిల్లులు, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, వేపపిండి. ఎండ బాగా తగలాలి. సముద్రం గాలి నేరుగా కొట్టే డాబా అయితే పిట్టగోడ చాటున పెట్టండి. చలికాలం చివర ఆకు రాలాక కొమ్మలు కొంచెం కత్తిరిస్తే కొత్త చిగురుతోపాటే పూత వస్తుంది. అంతే, ఇందులో కష్టమేమీ లేదు.

పుప్పొడి అద్దడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే.

సీతాఫలం పువ్వు ఒకటే, కానీ ముందు ఆడపువ్వుగా, తర్వాత మగపువ్వుగా పనిచేస్తుంది. పుప్పొడి రాలే సమయానికి అదే పువ్వులో పుప్పొడిని అందుకునే భాగం, కీలాగ్రం, ఎండిపోతుంది. అంటే తన పుప్పొడి తనకి పనికిరాదు. తేనెటీగలు ఈ పువ్వు జోలికి పెద్దగా రావు. చిన్న చిన్న పెంకు పురుగులు దూరి పని చేసిపెట్టాలి. నాలుగో అంతస్తు డాబా మీదకి అవి ఎక్కడినుంచి వస్తాయి? ఆ పని మనమే చేయాలి.

బాలానగర్ మొక్క కొనమన్నది పుప్పొడి కోసమే. సాయంత్రం దాని దగ్గరికి వెళ్లండి. రేకులు మూడూ బాగా విడిపోయి, లోపలి కేసరాలు ఇంకా రాలని పువ్వులు కోయండి. కాగితం కవర్లో వేసి ఇంట్లో నీడన ఉంచండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మపట్టి పుప్పొడి ముద్దకడుతుంది. తెల్లవారేసరికి కేసరాలు లేత గోధుమరంగుకి తిరిగి, వేలితో తాకితే రాలిపడతాయి. వాటిని నల్లటి మూతలోకి దులపండి. మీగడ రంగు పొడి ఆ నలుపు మీద స్పష్టంగా కనిపిస్తుంది. పొడి కనిపించకపోతే ఆ పువ్వులు పారేసి, ఆ సాయంత్రం మళ్లీ కోయండి. ఉత్త కేసరాలు అద్ది లాభం లేదు.

ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు ఆర్కా సహన్ దగ్గరికి రండి. రేకుల కొసలు అప్పుడప్పుడే విచ్చుకుని, మధ్యలో సన్నని సందు మాత్రమే ఉన్న పువ్వు కావాలి. రేకుని మెల్లగా పక్కకి తీసి చూడండి: నడుమ చిన్న గోపురం లాంటి భాగం తెల్లగా, తడి మెరుపుతో ఉంటే అదే సమయం. మెరుపు పోయి గోధుమరంగు తిరిగితే వదిలేయండి. పూర్తిగా విచ్చుకున్న పువ్వు చూడ్డానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది కానీ దాని పని అయిపోయింది. జనం అద్దేది ఎక్కువగా వాటికే.

సన్నని పెయింటింగ్ బ్రష్ వాడండి. దూది పుల్ల వాడొద్దు, సగం పుప్పొడి దూదే మింగేస్తుంది. బ్రష్ కొస పొడిలో ముంచి, ఆ గోపురం చుట్టూ అన్ని వైపులా మెత్తగా తిప్పండి. ఒక పక్కే రాసి వదిలేయకండి. పండు మీద కనిపించే ఒక్కో కన్ను ఒక్కో అండాశయం. పుప్పొడి అందిన వైపే కళ్లు ఉబ్బుతాయి, అందని వైపు కుంచించుకుపోతాయి. వంకర కాయలు కనిపిస్తే చీడపీడలని కంగారుపడేముందు ఈ సంగతి గుర్తుచేసుకోండి. రేకు చిరిగినా ఫర్వాలేదు, గోపురానికి గోరు తగలకూడదు.

గాలిలో తేమ ఉన్న ఉదయాలు మంచివి, ఆ విషయంలో విశాఖవాళ్లం అదృష్టవంతులం. పొడి వేడిగాలి వీచే రోజు, వాన పడే రోజు మానేయండి. అద్దిన ప్రతి పువ్వు కాడకి రంగు దారం కట్టండి, లేకపోతే ఏది నిలిచిందో తెలియదు.

"పూత నిలిచే మందు కొడితే చాలదా?" అని అడుగుతారు. అప్పటికే నిలిచిన పిందె రాలకుండా ఆ మందు కొంత ఆపగలదు. ఫలదీకరణ జరగని పువ్వుని పూర్తి కాయగా మార్చలేదు. డబ్బు ఆ సీసా మీద పెట్టే బదులు బ్రష్ కొనండి.

ఆ తర్వాత

వారం, పది రోజుల్లో రేకులు రాలి పచ్చటి పిందె మిగిలితే పట్టినట్టే. మొదటి ఏడాది మొక్కకి నాలుగైదు కాయలకి మించి ఉంచకండి, కొమ్మలు విరుగుతాయి. పిండినల్లి కనిపిస్తే సబ్బునీళ్లు, వేపనూనె చాలు. కాయకి సుమారు నాలుగు నెలలు పడుతుంది. కళ్ల మధ్య గాడులు వెడల్పయి లేత పసుపు తిరగగానే కోసి బియ్యం డబ్బాలో పెట్టండి. మెత్తబడకముందు మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, తొక్క నల్లబడుతుంది, పండు సరిగా పండదు.