మనసు బరువైన రోజు నీటిరంగులతో ముప్పావుగంట

మనసులో ఉన్నది మాటకు అందని రోజుల్లో నీటిరంగులు బాగా పనికొస్తాయి. ఆక్రిలిక్‌లా పైన మళ్లీ మళ్లీ పూసి దిద్దడం వీటితో కుదరదు. ఆ కుదరకపోవడమే ఇక్కడ మనకు కావాలి. బొమ్మలు వేయడం రాదన్న బెంగ వద్దు, ఇందులో బొమ్మే ఉండదు.

ఖర్చు పెడితే పేపరు మీద పెట్టండి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందమైన) వాటర్‌కలర్ పేపరు, ఏ5 సైజు చాలు. మామూలు డ్రాయింగ్ బుక్ కాగితం నీళ్లు తగలగానే ఉబ్బి గుంటలు పడుతుంది, రంగంతా వాటిలోకి చేరుతుంది. తప్పు కాగితానిదైతే చాలామంది తమ చేతిని తిట్టుకుంటారు. 8వ నంబరు గుండ్రటి బ్రష్, తెల్ల పింగాణీ ప్లేటు, పాత నూలుగుడ్డ, రెండు గ్లాసుల నీళ్లు: ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి. రంగులు మూడే: అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఏదో ఒక పసుపు. మొదటి రెండూ చిక్కగా కలిపితే దాదాపు నలుపే వస్తుంది, నల్ల ట్యూబు కొననక్కర్లేదు.

ముందు పేపరు వెనక తేదీ, ఆ పూట మనసెలా ఉందో ఒక్క మాట పెన్సిల్‌తో రాయండి: గుబులు, చిరాకు, ఏమీ లేదు. తర్వాత నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించండి. ఫ్యాను ఆపండి, లేకపోతే కాగితం చప్పున ఆరిపోతుంది.

శుభ్రమైన నీళ్లు రెండుసార్లు పూసి, అట్టను కంటి ఎత్తుకు లేపి వెలుతురుకు ఏటవాలుగా చూడండి. నీళ్లు నిలిచి అద్దంలా మెరుస్తుంటే గుడ్డ అంచుతో అద్దండి. పట్టుబట్ట మీది మెరుపులా సన్నగా కనిపించినప్పుడు, చేతికి ఏది వస్తే ఆ రంగు ఆనించండి. ఫలానా భావానికి ఫలానా రంగనే పట్టికలను పట్టించుకోకండి. రంగు దానంతటదే పాకి, అంచులు పొగలా విడిపోతాయి. చేయి ఆపి, అది ఆగేదాకా చూస్తూ ఉండండి. ఈ సాధనలో అసలు పని ఇదే.

మెరుపు పోయాక తడి బ్రష్ పెడితే కొత్త నీళ్లు పాత రంగును నెట్టేసి కాలీఫ్లవర్‌లాంటి మరక పడుతుంది. పడనివ్వండి. దిద్దబోయి మూడు రంగులూ రుద్దితే అంతా బురదవుతుంది, కాగితం పొట్టు లేస్తుంది. కోపం పొంగుతున్న రోజు ముందు పాత న్యూస్‌పేపరు మీద క్రేయాన్‌తో ఐదు నిమిషాలు గట్టిగా గీసి, ఆ తర్వాతే బ్రష్ పట్టండి.

ముప్పావుగంటకు ఆపండి. అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో 39 మంది 45 నిమిషాలు బొమ్మలూ మట్టిపనీ చేశాక, దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. అలాగని ఇది వైద్యానికి బదులు కాదు. రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి చెడినా డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

పూర్తిగా ఆరాకే టేపును బయటివైపు ఏటవాలుగా లాగండి. తడిమీద లాగితే కాగితం చిరుగుతుంది. ఆ రోజు ఎవరికీ చూపించకండి, ఫోటో తీయకండి. నెలకోసారి అన్నీ తేదీల వరుసన నేలమీద పరిచి, ముందు రంగులు చూడండి, ఆ తర్వాతే తిప్పి వెనకున్న మాట చదవండి.