ధ్రువ ప్రాంత పరిశోధకుల కోసం గుడారాన్ని రూపొందించడం

అంటార్కిటికాలోని వోస్తోక్ పరిశోధన కేంద్రంలో 1983 జూలై 21న ఉష్ణోగ్రత మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అయినా గుడారాన్ని రూపొందించేవారు ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది చలిని కాదు, గాలిని.

నాలుగు వాసాలు శిఖరం వద్ద కలిసే పిరమిడ్ ఆకారం నూరేళ్ళకు పైగా వాడుకలో ఉంది. దాని బరువు ఎక్కువే, కానీ గాలి వీస్తున్నప్పుడు కూడా ఇద్దరు మనుషులు దాన్ని త్వరగా నిలబెట్టగలరు కాబట్టి ఆ బరువును భరించడమే మేలని నా అభిప్రాయం. గుడ్డ అడుగు అంచును వెడల్పుగా బయటికి పరిచి, దానిపై మంచు దిమ్మలను పేర్చే వీలు కల్పించాలి.

తేమ విషయంలో మరింత శ్రద్ధ అవసరం. లోపలివారి ఊపిరి, వంట ఆవిరి గుడ్డకు తగిలి గడ్డకట్టి, స్టవ్ వెలిగించగానే కరిగి పడక సంచులపై కారతాయి. తడిసిన సంచి వెచ్చదనాన్ని నిలపలేదు. అందువల్ల గాలి ఆడే లోపలి పొరకూ, గాలిని ఆపే బయటి పొరకూ మధ్య ఖాళీ ఉంచాలి. స్టవ్ నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు కనుక, శిఖరం దగ్గర ఒక రంధ్రాన్నీ, మంచు పూడ్చలేని చోట మరొక దాన్నీ తప్పనిసరిగా అమర్చాలి.

మంచు పొడి చేరితే జిప్పు బిగుసుకుపోతుంది. దాని బదులు తాడుతో బిగించే గొట్టంలాంటి గుడ్డ ద్వారం నమ్మదగినది. నేలపై గాలి బుడగలు మూసి ఉండే నురుగు చాపలు పరవాలి. చివరగా, మందపాటి చేతితొడుగులు వేసుకుని ప్రతి ముడినీ విప్పి చూసి, విప్పలేని ముడి ఉన్నచోట కొక్కెం పెట్టాలి.