పెరటి కుంటలో చేపలకు జబ్బు చేసినప్పుడు కారణం కనిపెట్టే విధానం

పెరట్లో చిన్న కుంటో సిమెంటు తొట్టో కట్టుకుని, అందానికి కోయి చేపలనో, ఇంటి వంటకు పనికివస్తాయని శీలావతి, బొచ్చె పిల్లలనో పెంచుకునేవారికి ఏదో ఒక ఉదయం ఒక చేప పక్కకు ఒరిగి తేలుతూ కనిపించడం తప్పదు. అప్పుడు చాలామంది ముందుగా చేసే పని అక్వేరియం దుకాణానికి వెళ్లి నీలిరంగు మందు సీసా తెచ్చి పోయడం. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. మందు పోశాం కదా అన్న ధైర్యంతో అసలు కారణాన్ని రెండు రోజులపాటు వెతకలేదు. ఆ రెండు రోజుల్లో పదకొండు చేపల్లో ఏడు చనిపోయాయి. చిన్న కుంటలో చేపల చావుకు చాలాసార్లు మూలం నీళ్లలోనే ఉంటుంది. సూక్ష్మజీవో పరాన్నజీవో కనిపించినప్పుడు కూడా, నీరు పాడై చేప నీరసించిన తరువాతనే అది బలపడి ఉంటుంది. అందువల్ల ముందు చేపల గుంపు తీరును, తరువాత నీటిని, చివరికి చేపను పట్టి చూడాలి. మందు మాట ఆ పైన.

ఎన్ని, ఎప్పుడు, ఏవి

ఎన్ని చేపలకు ఇబ్బంది వచ్చిందో మొదట లెక్కపెట్టాలి. రాత్రి బాగున్న చేపలన్నీ తెల్లవారేసరికి ఒక్కసారిగా తేలితే అది ఆక్సిజన్ లోపమో విషమో అయి ఉంటుంది. అంటువ్యాధి అంత వేగంగా, అన్నిటినీ ఒకేసారి చంపదు. రోజుకు ఒకటి, మర్నాడు రెండు, ఆ తరువాత నాలుగు అన్నట్లు పెరుగుతూ పోతే పరాన్నజీవినో బాక్టీరియానో అనుమానించాలి. మిగతావన్నీ చురుకుగా మేత తింటూ ఒక్క చేప మాత్రమే వారాల తరబడి కృశిస్తూ ఉంటే అది ఆ ఒక్కదాని వయసు, గాయం లేదా లోపలి అవయవాల సమస్య అయి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, దానికోసం కుంట మొత్తానికి మందు పోయడం సరికాదు.

సమయం కూడా గట్టి ఆధారమే. పచ్చగా నాచు పట్టిన నీటిలో పగలు ఎండకు ఆక్సిజన్ తయారవుతుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. కాబట్టి సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ కనిష్ఠానికి పడిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి గుటకలు వేస్తూ, ఎండ ఎక్కాక మళ్లీ లోపలికి దిగిపోతే అది ఆక్సిజన్ లోపమే. రెండు మూడు రోజులు ముసురు పట్టి ఎండ లేనప్పుడు, లేదా పచ్చని నీరు ఒక్కసారిగా గోధుమరంగుకు తిరిగి నాచు చచ్చినప్పుడు ఇది తీవ్రమవుతుంది. చేపల విసర్జన, మిగిలిన మేత కుళ్లి నీటిలో చేరే అమ్మోనియా బాధ దీనికి భిన్నంగా ఎండ ఎక్కినా తగ్గదు; మధ్యాహ్నానికి ఇంకా పెరగవచ్చు.

ఆక్సిజన్ తగ్గినప్పుడు సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి. చచ్చిన చేప నోరు తెరిచి, మొప్పల మూతలు విచ్చుకుని ఉంటుంది. కుంటలో కొర్రమీను ఉంటే అది మరింత స్పష్టమైన సాక్ష్యం ఇస్తుంది. కొర్రమీను పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే చేప కాబట్టి నీటిలో ఆక్సిజన్ లేకపోయినా బతుకుతుంది. శీలావతులు పోయి కొర్రమీను క్షేమంగా ఉంటే ఆక్సిజన్ లోపాన్ని, కొర్రమీనుతో సహా అన్నీ పోతే విషాన్ని అనుమానించాలి. గాలి పీల్చే అలవాటు లేని శీలావతి, బొచ్చె, కోయి చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తే మాత్రం దాన్ని ఎన్నడూ మామూలు విషయంగా తీసుకోకూడదు.

నీటిని కొలవడం

చుక్కల మందుతో రంగు మార్చి చూసే పరీక్ష కిట్లు అక్వేరియం దుకాణాల్లోనూ, భీమవరం, కైకలూరు వంటి ఊళ్లలోని ఆక్వా దుకాణాల్లోనూ దొరుకుతాయి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె), అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియా మారగా ఏర్పడే పదార్థం), కరిగిన ఆక్సిజన్ అనే నాలుగు కొలతలు చాలు. పీహెచ్‌ను సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడాలి, ఎందుకంటే నాచు ఎక్కువగా ఉన్న కుంటలో ఉదయం 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 9 దాటగలదు. ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు ఉంటే చేపలు సుఖంగా ఉంటాయి. 3 కంటే తగ్గితే ఒత్తిడి మొదలవుతుంది.

అమ్మోనియా అంకెను మాత్రం ఒంటరిగా చదవకూడదు. కిట్ చూపేది మొత్తం అమ్మోనియా; అందులో చేపకు విషమయ్యే భాగం ఎంత అన్నది పీహెచ్, ఉష్ణోగ్రతల మీద ఆధారపడుతుంది. మన వేసవిలో మామూలైన 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 దగ్గర విషభాగం ఒక శాతం కంటే తక్కువ, 8 దగ్గర సుమారు 6 లేదా 7 శాతం, 9 దగ్గర 40 శాతం వరకు ఉంటుంది. అంటే ఉదయం పరీక్షలో ఫరవాలేదనిపించిన నీరే, పీహెచ్ పెరగడం వల్ల మధ్యాహ్నానికి ప్రాణాంతకం కాగలదు. ఉదయం ఒక్కసారే పరీక్షించి నీరు బాగుందని తేల్చుకున్నవారు పొరపాటు పడేది ఇక్కడే. నైట్రైట్ ఎక్కువైతే రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ముదురు గోధుమరంగుకు మారుతుంది. మొప్పలు ఎర్రగా కాక చాక్లెట్ రంగులో కనిపిస్తే అదే గుర్తు. అప్పుడు మామూలు ఉప్పు మేలు చేస్తుంది, ఎందుకంటే ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోనివ్వదు.

కిట్ చెప్పలేని సంగతులను గడచిన రెండు మూడు రోజుల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకుని పట్టుకోవాలి. మున్సిపాలిటీ కుళాయి నీరు నేరుగా వదిలితే క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. బోరు నీటిలో సాధారణంగా ఆక్సిజన్ చాలా తక్కువగా ఉంటుంది, పైగా కరిగిన ఇతర వాయువులు అధికంగా ఉండవచ్చు. అందువల్ల రెక్కల్లోనూ కళ్లచుట్టూ చిన్న గాలి బుడగలు కనిపిస్తే జబ్బు అనుకోకుండా బోరు నీటిని గుర్తుచేసుకోవాలి. ఆ నీటిని ఎత్తునుంచి జల్లుగా పడేలా చేస్తే రెండు ఇబ్బందులూ తగ్గుతాయి. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో సున్నం ఊరి పీహెచ్ బాగా పెరుగుతుంది, చేప ఒంటిపై పాలపొరలా జిగురు కడుతుంది. పలుమార్లు నీరు నింపి తీసేసిన తరువాతే అందులో చేపలను వదలాలి. దోమల కోసం వీధిలో పొగ కొట్టినా, పక్క పెరట్లో మామిడికి పురుగుమందు చల్లినా కుంటకు ముప్పే. పైరెత్రాయిడ్ జాతి పురుగుమందులు మనకు స్వల్పమనిపించే మోతాదులోనే చేపలను చంపుతాయి. చేపలు వంకర్లు తిరుగుతూ, గిరికీలు కొడుతూ, గోడలకు గుద్దుకుంటూ ఈదుతుంటే ఆ అనుమానం ముందు రావాలి.

చేపను పట్టి చూడడం

నీటిలో తప్పు కనిపించకపోతే, లేదా నీరు సరిచేసినా చావులు ఆగకపోతే, జబ్బు లక్షణాలున్న బతికిన చేపను పట్టి చూడాలి. చచ్చి గంటలు గడిచిన చేప మన వేడికి త్వరగా కుళ్లి, మొప్పలు వెలిసి, ఒంటిపై బూజు పట్టి, బతికుండగా లేని లక్షణాలను చూపిస్తుంది. మెత్తని వలతో నెమ్మదిగా పట్టి, కుంట నీళ్లే పోసిన తెల్లని బేసిన్‌లో ఉంచి, చేతులు తడిపి, భూతద్దంతో పగటి వెలుగులో చూడాలి. పొడి చేతులతో పడితే ఒంటి జిగురు ఊడి, చేపకు ఉన్న మొదటి రక్షణ పోతుంది.

ముందుగా మొప్పల మూతను మెల్లగా ఎత్తి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న మొప్ప ఎర్రగా, దువ్వెన పళ్లలా విడివిడిగా ఉంటుంది. పాలిపోయి, జిగురు దట్టంగా కప్పితే మొప్పలను పట్టే సన్నని పురుగులో ఏకకణ పరాన్నజీవులో అయి ఉండవచ్చు. అక్కడక్కడ బూడిదరంగు, పసుపు తెలుపు మచ్చలతో అంచులు తినేసినట్లుంటే మొప్పల కుళ్లు. అది వేసవిలో, అడుగున మేత, ఆకులు కుళ్లిన కుంటల్లో ఎక్కువ.

తరువాత ఒళ్లు చూడాలి. చేపలు రాళ్లకు, గోడలకు ఒరుసుకుంటూ, ఎగిరి పడుతూ ఉంటే పేను పట్టి ఉండవచ్చు. ఆర్గ్యులస్ అనే ఈ చేప పేను పెసరబద్దంత పరిమాణంలో, చదునుగా, దాదాపు పారదర్శకంగా ఉండి పొలుసుల మీద పాకుతుంది. భూతద్దంలో రెండు నల్లని కళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఇది తన గుడ్లను గట్టి వస్తువులకు అంటిస్తుంది కాబట్టి, కుంటలో వెదురు బద్దలు నిలిపి, కొన్ని రోజులకొకసారి తీసి ఎండబెట్టడం పేను ఉధృతిని తగ్గించే మంచి పద్ధతి. మందు లేకుండా ఫలితమిచ్చే ఇలాంటి ఉపాయాలంటే నాకు ఎక్కువ గౌరవం. పొలుసుల మధ్యనుంచి సన్నని దారప్పోగు వేలాడుతూ, అది అంటుకున్న చోట ఎర్రని పుండు ఉంటే అది లంగరు పురుగు. అయితే ఒరుసుకోవడం ఒక్కటే ఆధారం కాదు. నీరు మార్చిన రోజే అన్ని చేపలూ ఒరుసుకోవడం మొదలుపెడితే తప్పు ఆ నీటిది. ఒకటి రెండిటితో మొదలై వారంలో అన్నిటికీ పాకితే పరాన్నజీవిది.

ఉప్పు రవ్వలు చల్లినట్లు ఒంటిపైనా రెక్కలపైనా తెల్లని చుక్కలు కనిపిస్తే తెల్లమచ్చ వ్యాధి కావచ్చు. దాని పరాన్నజీవి చర్మం లోపల ఉన్నంతసేపు మందు దాన్ని తాకదు, నీటిలోకి ఈదే దశలోనే చస్తుంది. అందుకే ఒక్కసారి వేసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. ఇక్కడొక హెచ్చరిక అవసరం. సంతానోత్పత్తి కాలంలో మగ గోల్డ్‌ఫిష్, కోయి చేపలకు మొప్పల మూతలపైనా ముందు రెక్కల అంచునా వరుసగా చిన్న తెల్లని పొక్కులు వస్తాయి. చేప చురుకుగా ఉండి, చుక్కలు ఆ రెండు చోట్లకే పరిమితమైతే అది జబ్బు కాదు, మందు అవసరం లేదు.

దూది అంటుకున్నట్లున్న తెల్లని పెరుగుదలను అందరూ బూజు అంటారు గానీ అందులో రెండు రకాలున్నాయి. నిజమైన బూజు పొడవైన పోగులతో, ఎక్కువగా చలికాలంలో, పాత గాయం మీద వస్తుంది. వేడి నీటిలో నోటి చుట్టూ, లేదా వీపుకు అడ్డంగా జీను వేసినట్లు వెలిసిన మచ్చతో, అంచుల్లో పసుపు రంగుతో వచ్చేది కాలమ్నారిస్ అనే బాక్టీరియా వ్యాధి. అది రోజుల వ్యవధిలోనే చంపగలదు. రెండిటికీ చికిత్స వేరు కాబట్టి ఇక్కడ కంటిచూపును నమ్మకుండా సూక్ష్మదర్శిని కింద చూపించడమే మంచిది.

పుండ్ల విషయంలో కాలం, జాతి కలిపి చూడాలి. మన దేశంలోకి 1988లో ప్రవేశించిన ఎర్రపుండ్ల వ్యాధికి మూలం అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే శిలీంధ్ర తరహా జీవి. వానలు వెనకబట్టి నీరు చల్లబడే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇది కనిపిస్తుంది. కొర్రమీనుకు అందరికంటే ముందు సోకుతుంది, బంగారుతీగ, జిలేబీ (తిలాపియా) చేపలు దీన్ని బాగా తట్టుకుంటాయి. కోయి చేప బంగారుతీగ జాతిదే కాబట్టి, చలికాలంలో కొర్రమీనుకు, శీలావతికి లోతైన పుండ్లుపడి కోయి క్షేమంగా ఉంటే ఈ వ్యాధినే అనుమానించాలి. కోయికే పుండ్లుపడితే ఏరోమోనాస్ వంటి బాక్టీరియాను, దానికి దారిచేసిన పేనును, చెడిన నీటిని వెతకాలి. పొట్ట ఉబ్బి, పొలుసులు మొక్కజొన్న పొత్తు విప్పినట్లు నిక్కబొడుచుకుంటే లోపలి అవయవాలు దెబ్బతిన్నట్లే; ఆ స్థితికి వచ్చిన చేప కోలుకోవడం అరుదు, దాన్ని వేరుచేయడం మిగతావాటికి మేలు.

కారణం తేలేలోపు

నిర్ధారణ జరిగేలోపు నిరపాయంగా చేయదగినవి కొన్నే: మేత ఆపడం, గాలి పంపు పెట్టడం లేదా నీటిని జల్లుగా పడేలా చేయడం, పావు వంతు నీటిని క్లోరిన్ లేని నీటితో మార్చడం, చచ్చినవాటిని వెంటనే తీసి పాతిపెట్టడం. ఏ మందైనా మోతాదు నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి కుంట కొలత ముందే రాసి పెట్టుకోవాలి. పొడవు, వెడల్పు, నీటి లోతులను అడుగుల్లో గుణించి 28.3తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న తొట్టిలో సుమారు 6,800 లీటర్లు పడతాయి. ఇది కంటి అంచనాకు అందదు. తినే చేపలకు యాంటీబయాటిక్‌లు సొంతంగా వాడడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

చావులు ఆగకపోతే పరీక్షశాలకు వెళ్లాలి. కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, విజయవాడ దగ్గరి కేంద్రీయ మంచినీటి చేపల పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, ముత్తుకూరు, పెబ్బేరు మత్స్య కళాశాలలు ఈ రంగంలో పనిచేసే సంస్థలు. జిల్లా మత్స్యశాఖ అధికారిని అడిగితే దగ్గరి ల్యాబ్ చెబుతారు. లక్షణాలున్న రెండు మూడు బతికిన చేపలను మూడో వంతు నీరు, మిగతా భాగం ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచిలో తీసుకెళ్లాలి. బతికినవి లేకపోతే అప్పుడే చచ్చినదాన్ని సంచిలో చుట్టి ఐసు మధ్య పెట్టాలి గానీ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకూడదు, ఎందుకంటే గడ్డకట్టిన కణజాలం పగిలిపోయి పరాన్నజీవులను గుర్తించడం కష్టమవుతుంది. మందు వేయకముందే పట్టిన లీటరు కుంట నీటిని వేరే శుభ్రమైన సీసాలో మూత వరకు నింపి, చావులు మొదలైన రోజు, రోజువారీ సంఖ్య, ఉదయం, మధ్యాహ్నం తీసిన పీహెచ్ అంకెలు, ఇప్పటికే వేసిన మందులు ఏవైనా ఉంటే వాటి పేర్లు ఒక కాగితం మీద రాసి దానికి జతచేయాలి.