పై గది నుంచి ప్రింటర్ కనిపించకపోతే ఇలా సరిచేశాను

పై గదికి వైఫై అందక, పాత రౌటర్‌ని కింది రౌటర్‌కి కేబుల్‌తో కలిపి పైన పెట్టించాం. ఇంటర్నెట్ బాగానే వచ్చింది కానీ పైనుంచి ప్రింట్ ఇస్తే కింద ఉన్న ప్రింటర్ అసలు కనిపించదు. నాన్నగారు ప్రతిసారీ ఫోన్ పట్టుకుని మెట్లు దిగాల్సి రావడం నాకు చాలా బాధగా ఉండేది.

ఫోన్‌లో ఐపీ అడ్రస్ చూస్తే విషయం తెలిసిపోయింది. కింద 192.168.1తో, పైన 192.168.0తో మొదలవుతోంది, అంటే ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్క్‌లు. పై రౌటర్‌లో కేబుల్ వాన్ పోర్టులో (బయటి ఇంటర్నెట్ లైన్ పెట్టేది) ఉంది కాబట్టి అది తన దగ్గర కలిసినవాటికి సొంతంగా అడ్రసులు పంచుతోంది, ఫోన్ ప్రింటర్‌ని వెతకడానికి పంపే సందేశాలేమో (వీటిని ఎండీఎన్‌ఎస్ అంటారు) రౌటర్ దాటి అవతలి నెట్‌వర్క్‌కి వెళ్లవు.

ముందు ఆ కేబుల్ తీసేసి, లాప్‌టాప్‌ని పై రౌటర్‌కి కలిపి, దాని ఐపీని 192.168.1.2గా మార్చాను (కింది రౌటర్ పంచే అడ్రసుల్లో చివరి నంబర్ 100 నుంచి మొదలవుతుంది, అది చూసుకోవడం ముఖ్యం, లేకపోతే పై రౌటర్‌కీ ఇంకో పరికరానికీ ఒకే నంబర్ పడొచ్చు). కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేశాను. తర్వాత కేబుల్‌ని పై రౌటర్ ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాలు కలిపేది) పెట్టాను, అంతే, ప్రింటర్ వెంటనే కనిపించింది!

వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో కింద ఛానల్ 1, పైన 11 ఇచ్చాను, ఒకదానికొకటి అడ్డు రావు. మీ రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా ఉన్నదాన్నే వైఫైలో అందించేది) ఉంటే మాత్రం ముందు అదే ప్రయత్నించండి, ఈ మార్పులు చాలావరకు అదే చేసేస్తుంది.