పత్తి కట్టెను బొగ్గుగా మార్చి చేనుకే తిరిగి ఇచ్చే పద్ధతి

పత్తి చివరి ఏరుడు అయిపోయాక ఎకరాకు సుమారు టన్ను కట్టె చేనులో నిలిచిపోతుంది. చాలామంది దాన్ని కుప్పపోసి తగలబెడతారు, లేదా వర్షాల దాకా గట్టున పడేస్తారు. రెండింటిలోనూ నష్టమే. తగలబెడితే అందులోని నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. గట్టున వదిలేస్తే విచ్చుకోని ఎండు కాయల్లో దాగిన గులాబీ రంగు పురుగు వచ్చే పంట దాకా బతికి ఉంటుంది. అందువల్ల ఏరుడు ముగియగానే మేకలను, గొర్రెలను తోలి మిగిలిన ఆకును, కాయలను మేపించి, కట్టెను వేర్లతో సహా పీకి, బొగ్గు చేయడానికి ఎండబెట్టాలి. విరిస్తే పుటుక్కున విరిగేంత ఎండితేనే పని సాగుతుంది. పచ్చి కట్టె పొగ తప్ప బొగ్గు ఇవ్వదు.

బొగ్గు చేయడానికి కొలిమి కొనవలసిన అవసరం లేదు. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ పాత నూనె డ్రమ్ముతో చేసే చిన్న కొలిమిని రూపొందించింది. డ్రమ్ము దొరికితే అదీ మంచిదే. అయితే పొడవైన పత్తి కట్టెను ముక్కలు కొట్టే శ్రమ తగ్గాలంటే గుంత పద్ధతే నయమని నా అభిప్రాయం. పైన అయిదడుగుల వెడల్పు, అడుగున రెండడుగులు, లోతు రెండున్నర అడుగులు ఉండేలా గరాటు ఆకారంలో తవ్వి, చుట్టూ పదిహేను అడుగుల మేర ఎండుగడ్డి చెక్కేయాలి. రెండు డ్రమ్ముల నీళ్లు పక్కన ఉంచుకుని, గాలి లేని ఉదయం పూట మొదలుపెట్టాలి.

గుంత అడుగున సన్నని కట్టెను అడ్డదిడ్డంగా పేర్చి, నిప్పు కింద కాక పైన అంటించాలి. పైనున్న మంట గాలిలోని ప్రాణవాయువును తానే వాడుకోవడం వల్ల కిందికి గాలి చేరదు. కింది కట్టె కాలిపోకుండా వేడికి మగ్గి బొగ్గవుతుంది, అందులోంచి వచ్చే వాయువులు పైమంటలోనే మండిపోతాయి. పొగ ఎక్కువగా వస్తోందంటే కట్టె తడిగా ఉందని, లేదా ఒక్కసారిగా ఎక్కువ వేశామని అర్థం.

అసలు మెళకువ తర్వాతి వరుస ఎప్పుడు వేయాలన్నదే. పైనున్న కట్టెను కనిపెట్టి చూస్తూ ఉండాలి: మొదట ఎర్రగా కణకణలాడుతుంది, తర్వాత దాని అంచున పలుచని తెల్లని పొర, బూడిద పొర, పాకడం మొదలవుతుంది. ఆ తెలుపు కనిపించిన క్షణమే కొత్త వరుస వేయాలి. ముందే వేస్తే మంట ఉక్కిరిబిక్కిరై పొగ లేస్తుంది. ఆలస్యమైతే బొగ్గు కాస్తా బూడిదవుతుంది. మొదటిసారి చేసినప్పుడు నేను చాయ్ తాగడానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి గుంతలో సగం బూడిదే మిగిలింది. లావు మోళ్లను మధ్య వరుసల్లో వేయాలి. చివర్లో వేస్తే వాటి లోపలి భాగం కట్టెగానే ఉండిపోతుంది.

గుంత నిండి మంట తగ్గుముఖం పట్టగానే నీళ్లు పోసి ఆర్పాలి. పైపైన చల్లితే అడుగున నిప్పు మిగిలి రాత్రికి మళ్లీ రాజుకుంటుంది కాబట్టి, పారతో తిరగేస్తూ తడపాలి. నీటి కరువున్న చోట తడిమట్టితో మందంగా కప్పి మరునాటి వరకు వదిలేయవచ్చు. మంచి బొగ్గు వేళ్ల మధ్య సులువుగా నలుగుతుంది, చేతికంటిన నలుపు ఉత్త నీళ్లతోనే పోతుంది. జిడ్డుగా ఉండి సబ్బు కావలసి వస్తే అది సరిగా మగ్గలేదన్నమాట. నూరు కిలోల ఎండు కట్టెకు ఇరవై నుంచి పాతిక కిలోల బొగ్గు వస్తుంది.

ఈ బొగ్గును నేరుగా చేనులో చల్లకూడదు. ఉత్త బొగ్గు నేలలోని నత్రజనిని తనలోకి లాక్కోవడం వల్ల మొక్కలు కొంతకాలం పసుపుబారతాయి. తడిగా ఉండగానే నలగ్గొట్టి, తట్టకు తట్ట చొప్పున మాగిన పశువుల ఎరువుతో కలిపి, పశువుల మూత్రం గానీ పేడనీళ్లు గానీ చల్లుతూ మూడు వారాలు నీడలో మగ్గనివ్వాలి. దుమ్ము ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవడం మరవవద్దు.

ఎకరా కట్టె నుంచి వచ్చేది రెండు వందల నుంచి రెండు వందల యాభై కిలోలే కనుక, చేనంతా వెదజల్లితే ఎక్కడ పడిందో కూడా కనిపించదు. విత్తే చోట పిడికెడు చొప్పున వేయడమో, మిరప, కూరగాయల మడులకు వాడడమో మేలు. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది కనుక, తేమ నిలవని ఎర్ర చల్క, దుబ్బ (ఇసుక) నేలలకే ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. బొగ్గుకు, దానితో కలిసిన బూడిదకు క్షారగుణం ఉంటుంది. కాబట్టి చౌడు రేగళ్లలో భూసార పరీక్ష చేయించకుండా వేయడం సరికాదు. గుంత అడుగున మిగిలిన నల్లని నీటికీ అదే గుణం ఉన్నందున దాన్ని నారుమడికి పోయకుండా, పెంటకుప్ప మీద పోసి ఆరనివ్వాలి.