చెన్నై నుంచి పులికాట్: ఏ నెలలో వెళ్ళాలి, ఏ గాలి చూసుకోవాలి

చెన్నైలో ఉండే మనవాళ్ళలో చాలామందికి సముద్రమంటే మెరీనా, కాస్త ఓపికుంటే ఈసీఆర్ మీద మహాబలిపురం, అంతే. ఉత్తరం వైపు సుమారు అరవై కిలోమీటర్లు వెళ్తే పులికాట్ ఉంది, తమిళులు పళవేర్కాడు అంటారు. వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే కొందరు భలే ఉంది అంటారు, కొందరు ఎండా, చేపల వాసనా తప్ప అక్కడేముంది అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, వెళ్ళిన నెలలు వేరు. సెలవు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్ళే ఊరు కాదిది.

ఊరికి ఒకవైపు సరస్సు, ఇంకోవైపు సముద్రం. చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. దీని ఎక్కువ భాగం ఆంధ్రలో, తడ, సూళ్ళూరుపేట వైపు ఉంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య అడ్డుగోడలా ఉన్నది శ్రీహరికోట దీవి. పేరుకి పెద్ద సరస్సే కానీ లోతు చాలా తక్కువ, వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలంలో బాగా లోపలికి తగ్గిపోతుంది. పక్షులు ఎక్కడుంటాయి, వలలో ఏం పడుతుంది అన్నీ ఆ నీటిమట్టాన్ని బట్టే.

అందుకే నన్నడిగితే జనవరి మధ్య నుంచి మార్చి మొదటి వారాల వరకు వెళ్ళండి. ఫ్లెమింగోలు అక్టోబర్ నుంచే రావడం మొదలవుతాయి కానీ నవంబర్, డిసెంబర్లలో సరస్సు నిండుగా ఉంటుంది, అవేమో తక్కువ నీళ్ళలో నిలబడి తినే పక్షులు, దాంతో ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. నీళ్ళు తగ్గాక గుంపులుగా కనిపిస్తాయి. పక్షుల కోసమే అయితే ఊళ్ళో తిరగొద్దు, సరస్సు పడమటి ఒడ్డున అన్నామలైచేరి అనే పల్లె ఉంది, అటు వెళ్ళండి, బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్ళండి. జనవరిలో తెల్లవారుజామున ఆ దారిలో మంచు పట్టేస్తుంది, బండి మీద వెళ్ళేవాళ్ళు తొందరపడకండి. కనుమ మర్నాడు మాత్రం వద్దు, అది తమిళుల కాణుం పొంగల్, ఆ రోజు ఇంటిల్లిపాదీ బీచ్‌కి బయల్దేరతారు, పార్కింగ్ వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళి తీరాలంటే సముద్రపు గాలి సంగతి తెలుసుకోండి. పొద్దున నేల వేడెక్కాక, మధ్యాహ్నం అటూ ఇటూగా సముద్రం నుంచి గాలి మొదలై తీరాన్ని చల్లబరుస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజు అది ఈ సముద్రపు గాలిని ఒడ్డు దాటి రానివ్వదు, ఇక ఆ రోజు పాదరసం ఎక్కడాగుతుందో చెప్పలేం. చెన్నైలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. కాబట్టి ఫోన్లో డిగ్రీలొక్కటే కాదు, గాలి ఎటు నుంచి వీస్తుందో కూడా చూడండి. పడమర నుంచి గట్టిగా ఉంటే ప్రయాణం మానుకోండి, కర్తరిలో అయితే మరీను. ఇంకో సంగతి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవలు వేటకి వెళ్ళకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజుల నిషేధం. చిన్న నాటు పడవలు తిరుగుతాయి కానీ రకరకాల చేపల కోసమే వెళ్తే నిరాశపడతారు.

వాన విషయంలో చాలామంది ఒక్క యాప్ చూసి, 60 శాతం అని ఉంటే టెన్షన్ పడిపోతారు. దానికంటే వాతావరణ శాఖ వాళ్ళ చెన్నై రాడార్ బొమ్మ చూడటం నేర్చుకోండి, కష్టమేమీ కాదు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు మబ్బులు ఎక్కువగా పడమర నుంచి, అంటే వేలూరు, చిత్తూరు వైపు నుంచి, సాయంత్రం దాటాక వస్తాయి. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చేస్తే ఆ నెలల్లో తడిసే అవకాశం తక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు లెక్క తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనం కదా, మబ్బులు సముద్రం మీద నుంచి వస్తాయి, తీరంలో అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా కుమ్మేసి పదింటికి ఎండ కాసే రోజులుంటాయి. ఈ నెలల్లో రాడార్లో తూర్పు వైపు చూడండి.

ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉంటే ఇంకేం ఆలోచించకండి, మానేయండి. ఆరణి నది పొంగితే పులికాట్ దారిలోని పొన్నేరి చుట్టుపక్కల పల్లపు ప్రాంతాలు మునుగుతాయి. తుఫాను ఆంధ్ర వైపు పోతోందట, మనకేం కాదులే అనుకునేవాళ్ళకి 2023 డిసెంబర్ గుర్తు చేయాలి. మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, ముంచింది చెన్నైని. ఆకాశం నిర్మలంగా ఉన్నా అలలు ఎత్తుగా లేచే రోజులుంటాయి, వాటి కోసం హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే సముద్ర హెచ్చరికలు చూడండి, అవి జాలర్లకి మాత్రమే అనుకోవద్దు.

వెళ్ళడానికి సెంట్రల్ పక్కన మూర్ మార్కెట్ స్టేషన్లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి పొన్నేరిలో దిగండి, అక్కడి నుంచి బస్సు. కొరుక్కుపేట, తిరువొత్తియూర్ వైపు ఉండే మనవాళ్ళకి ఇంకా దగ్గర. ఏడు, ఏడున్నరకల్లా ఊళ్ళో ఉండాలి, చేపల సందడంతా పొద్దున్నే. రొయ్య తల ఊడిపోకుండా గట్టిగా ఉండాలి, నల్లబడితే వద్దు. పీత బతికుండాలి, చేతిలో బరువుగా తగలాలి. అమావాస్యకి పీతలో కండ ఎక్కువుంటుందని తీరం వాళ్ళు అంటారు, బేరమాడేటప్పుడు ఈ మాట అనండి, కొత్తవాళ్ళని అనుకోరు. అన్నా, అక్కా అని పిలిచి తెలుగులోనే మొదలుపెట్టండి, అర్థం చేసుకునేవాళ్ళు తగులుతూనే ఉంటారు. ఐస్ పెట్టె ఇంటి నుంచే తీసుకెళ్ళండి, లేకపోతే లోకల్ ట్రైన్లో పక్కవాళ్ళు మీ వైపు చూసే చూపు భరించలేరు.

ఎండ ముదరకముందే డచ్ వాళ్ళ సమాధులు చూసేయండి. 1600ల మొదట్లో వాళ్ళు ఇక్కడ స్థావరం పెట్టుకుని గెల్డ్రియా అనే కోట కట్టారు. కోటలో ఇప్పుడు చూడటానికి మిగిలింది దాదాపు ఏమీ లేదు, సమాధుల దగ్గర మాత్రం రాతి చెక్కడాలు బాగున్నాయి, గేటు దగ్గర అస్థిపంజరాల బొమ్మలు చూసి పిల్లలు ముందు భయపడి తర్వాత కదలరు. ఊళ్ళో ఆడవాళ్ళు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లి అమ్ముతారు, బేరం మరీ ఎక్కువ చేయకండి.

పడవ సంగతి. ఎవరో ఒకరు వచ్చి సరస్సులో తిప్పుతాం అంటారు. లైఫ్ జాకెట్ లేకుండా, జనాన్ని కుక్కి తీసుకెళ్ళే పడవ ఎక్కొద్దు. 2011 క్రిస్మస్ రోజు ఇక్కడ పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. లైట్‌హౌస్ వైపు బీచ్‌లో కూడా మోకాలి లోతు దాటొద్దు, సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర అయితే అసలు దిగొద్దు, నీళ్ళు పైకి నిదానంగా కనిపించినా లోపల లాగేస్తాయి.

రాత్రి ఉండటానికి మంచి లాడ్జి కోసం వెతక్కండి, ఇది పొద్దున వెళ్ళి మధ్యాహ్నం వచ్చేసే ఊరు. రెండు రోజులు కావాలనుకుంటే సూళ్ళూరుపేటలో దిగి, నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని కూడా చూసుకుని రండి. సొంత కారులో వెళ్తే ఇంటికి రాగానే కింద భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఆ ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది.