వాంపైర్ సినిమాను చదవడం – మూడో పాఠం: కెమెరా చూపు తప్పించిన చోటు

గత పాఠంలో 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'ను చూశాం. రొట్టె కోస్తుండగా వేలు తెగిన అతిథి హుట్టర్ చేతిని, రక్తం తాగే వాంపైర్ కౌంట్ ఓర్లాక్ నోటి దగ్గరికి లాక్కునే ఆ దృశ్యంలో భయం ఎక్కడ ముగిసి ఆకర్షణ ఎక్కడ మొదలవుతుందో గుర్తించడానికి ప్రయత్నించాం. ఈసారి పని ఇంకాస్త కష్టం. తెర మీద చూపించని విషయాన్ని ఊహతో కాక ఆధారంతో చదవడం నేర్చుకోవాలి.

ఇందుకు 1936లో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన 'డ్రాక్యులాస్ డాటర్' తగిన చిత్రం. నిడివి 71 నిమిషాలు, దర్శకుడు లాంబర్ట్ హిల్యర్. కౌంటెస్ మార్యా జలెస్కా (గ్లోరియా హోల్డెన్) తండ్రి డ్రాక్యులా శవాన్ని స్వయంగా దహనం చేసి, ఇక తాను అందరిలాంటి స్త్రీగా బతకవచ్చునని ఆశపడుతుంది. ఆ రాత్రి పియానో ముందు కూర్చుని జోలపాట వాయిస్తుంటే, పక్కన నిలబడ్డ సేవకుడు శాండర్ ఆమె చెప్పే ప్రతి ప్రశాంతమైన దృశ్యానికీ ఒక చీకటి అర్థం చెబుతూ పోతాడు. పాట ఆమె వేళ్ల కిందే మారిపోతుంది. నా దృష్టిలో చిత్రం మొత్తానికి ఇది తాళంచెవి: దాచుకున్న స్వభావం బయటపడడానికి ఇక్కడ కోరలు అవసరం కాలేదు.

దృశ్యంలోకి వెళ్లేముందు కాలాన్ని తెలుసుకోవాలి. సినిమాల్లో ఏం చూపించకూడదో చెబుతూ 1930లో రూపొందిన హాలీవుడ్ నియమావళి, 1934 నుంచి చిత్రాలను వడపోసే జోసెఫ్ బ్రీన్ కార్యాలయం చేతుల్లో కఠినంగా అమలైంది. 'లైంగిక వికృతి' అనే మాట కింద స్వలింగ ప్రేమను చూపించడమే కాదు, సూచించడం కూడా ఆ నియమావళి ప్రకారం నిషిద్ధం.

ఇప్పుడు దృశ్యం. శాండర్ వీధిలో దొరికిన లిలీ అనే పేద అమ్మాయిని, బొమ్మ వేయడానికి మోడల్ కావాలన్న నెపంతో కౌంటెస్ స్టూడియోకు తీసుకొస్తాడు. చలి కాచుకోమంటారు, తాగడానికి వైన్ ఇస్తారు. రవిక తీసేయమని అడిగిన కౌంటెస్, భుజాల మీది పట్టీలు జార్చుకుని నిలబడిన అమ్మాయిని చూస్తూ ఉండిపోతుంది. ఎందుకలా చూస్తున్నారు, నేను పనికిరానా అని లిలీ అడుగుతుంది. కౌంటెస్ ఎదుటివారిని వశపరచుకునే తన ఉంగరం చూపిస్తూ దగ్గరికి వస్తుంది, లిలీ వెనక్కి జరుగుతుంది. కేక వినబడే సమయానికి కెమెరా వారిద్దరినీ వదిలి, గోడ మీద వేలాడుతున్న వికృతమైన ముసుగు మీదికి వెళ్లిపోతుంది.

దీన్ని మూడుసార్లు చూడండి. మొదటిసారి శబ్దం ఆపేసి చూపులను మాత్రమే గమనించండి: ఎవరు ఎవరిని ఎంతసేపు చూస్తున్నారు? రెండోసారి కళ్లు మూసుకుని మాటలు మాత్రమే వినండి.  మూడోసారి కెమెరా చూపు తప్పించిన ఆ క్షణం దగ్గర ఆపి, కనబడకుండా పోయిందేమిటో రాసుకోండి.

మీరు రాసుకున్నది మీ ఊహేనా అన్న సందేహం రావాలి, రాకపోతే ఈ పాఠం సరిగా సాగనట్టే. జవాబు చిత్రం వెలుపల ఉంది. లిలీ నగ్నంగా నిలబడుతుందన్న సూచనను బ్రీన్ కార్యాలయం స్క్రిప్టు దశలోనే మార్పించింది. మెడ, భుజాలు మాత్రమే చిత్రించాలని, మార్యాలో వికృత లైంగిక వాంఛ ఉందన్న భావం ఎక్కడా కలగకూడదని, లిలీని ఆసుపత్రికి చేర్చి అది వాంపైర్ దాడేనని తర్వాతి దృశ్యంలో స్పష్టం చేయాలని నిర్ణయమైంది. తీసేయమన్నవారు ఆ అర్థాన్ని ముందే చదివారు గనకనే తీసేయమన్నారు. ఇది దర్శకుడి ఉద్దేశం గురించిన రుజువు కాదు. ఆ దృశ్యం అలా చదవడానికి వీలిచ్చిందనడానికి మాత్రం గట్టి రుజువు. ఈ రెంటినీ కలిపేయకండి.

ఇక చికిత్స. తాగుడు మానని రోగిని మద్యం సీసాతో ఒక గదిలో ఉంచి, కోరికను ఎదుర్కొనేలా చేస్తానని మానసిక వైద్యుడు గార్త్ చెప్పినప్పుడు కౌంటెస్ దాన్ని తనకే అన్వయించుకుంటుంది. లిలీని రప్పించడం నిజానికి ఆమె తనకు తాను పెట్టుకున్న పరీక్ష. స్వలింగ ఆకర్షణను వైద్యం జబ్బుగా లెక్కించిన రోజులవి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దాన్ని రుగ్మతల పట్టిక నుంచి తొలగించింది 1973లోనే. ఆమె ఇంట్లో అద్దం ఒక్కటీ లేకపోవడాన్ని గార్త్ సరదాగా ఎత్తిచూపుతాడు. వాంపైర్ కావడంతో అద్దంలో తన ముఖం తనకు కనబడని మనిషికి ఆ సరదా ఎలా తగిలి ఉంటుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

అయితే ఈ చిత్రాన్ని అప్పటి స్వలింగ ప్రేమికులకు అండగా నిలిచినదిగా చెప్పలేం. కోరికను వేటగా, కోరుకున్న స్త్రీని హంతకురాలిగా చూపి, చివరకు శాండర్ బాణంతో ఆమెను చంపిస్తుంది. సానుభూతీ శిక్షా ఒకే పాత్రలో ఇమిడి ఉన్నాయని గుర్తించి, రెంటినీ నమోదు చేయడమే చదువరి పని.

అభ్యాసం: చిత్రం చివర్లో, స్పృహ తప్పి పడుకున్న గార్త్ సహాయకురాలు జానెట్ మీదికి కౌంటెస్ నెమ్మదిగా వంగే దృశ్యాన్ని ఇదే పద్ధతిలో మూడుసార్లు చూడండి. ఒక పుటను నిలువుగా రెండుగా విభజించి, తెర మీద కనబడిందీ వినబడిందీ ఎడమవైపు, మీరు అనుకున్నది కుడివైపు రాయండి. ఎడమవైపు ఆధారం లేని కుడివైపు వాక్యాన్ని కొట్టేయండి. ఆ పుటను దగ్గర పెట్టుకుని నాలుగో పాఠం మొదలుపెట్టండి.